పాత జీపు, పద్నాలుగేళ్ల అమ్మాయి, మూడు లక్షలు: ఇంటి దగ్గరే ఆఫ్‌రోడ్ బండి తయారు చేసుకోవడం ఎలా

చిన్నప్పుడు మా నాన్న స్కూటర్ విప్పి కూర్చుంటే నా పని టార్చి పట్టుకోవడం. ఆయన చూసే చోట వెలుగు పడకపోతే తిట్లు. ఏళ్ల తరబడి టార్చి పట్టుకున్నా కార్బొరేటర్ లోపల ఏముంటుందో నాకు తెలియలేదు. అందుకే మా అమ్మాయీ నేనూ కలిసి పాత జీపు బాగు చేద్దాం అనుకున్నప్పుడు మేం కొన్న మొదటి వస్తువు టార్చికి స్టాండు. మూడు వందల యాభై రూపాయలు. ఈ పని మొత్తంలో అంత లాభసాటి ఖర్చు ఇంకొకటి లేదు.

మాది విజయవాడ. ఆదివారాలు, సెలవులు కలిపి పద్నాలుగు నెలలు పట్టింది. పరీక్షల నెలల్లో బండి టార్పాలిన్ కిందే ఉండిపోయింది. మెకానిక్‌కి ఇచ్చేస్తే రెండు నెలల్లో అయిపోయేదే. పిల్లలతో కలిసి చేయాలంటే మాత్రం ఆ వేగం పనికిరాదని ముందే ఒప్పుకోండి. లేదంటే మూడో ఆదివారానికి మీరు బండి కింద, వాళ్లు ఫోన్‌లో ఉంటారు.

ఏ బండి కొనాలి

తక్కువ డబ్బులో మనకు దొరికేవి ముఖ్యంగా రెండు. ఒకటి మారుతీ జిప్సీ. 1985లో వచ్చింది, 1996లో 1,298 సీసీ ఇంజనుతో జిప్సీ కింగ్ అయింది. తేలికైన పెట్రోలు బండి, కొండలెక్కడంలో దానికి సాటి లేదు. కానీ కొత్తవి రావడం ఆగిపోయాక పాతవాటి ధర పెరుగుతూనే ఉంది. రెండోది మహీంద్రా జీపు: సీజే 340, ఎంఎం 540, ఎంఎం 550. ఎంఎం 540లో ఎక్కువగా కనిపించే ప్యూజో డిజైన్ డీజిల్ ఇంజను 2,112 సీసీ, 62 హార్స్‌పవర్. పరుగు తక్కువ, చప్పుడు ఎక్కువ.

పిల్లలతో పనికి నేను జీపుకే ఓటేస్తాను. కారణం ధర ఒక్కటే కాదు. జీపులో ఎలక్ట్రానిక్స్ లేవు. బ్రేకు తొక్కితే ఏ రాడ్డు కదులుతుందో, అది దేన్ని నొక్కుతుందో వంగి చూస్తే కనిపిస్తుంది. బాడీ అంతా చదునైన రేకు కాబట్టి టింకరింగ్ తేలిక. సామాను ఆటోనగర్‌లో దొరుకుతుంది.

ఒక్క జాగ్రత్త. మన పల్లెల్లో సర్వీసుకి తిరిగిన జీపుల్లో చాలావాటికి ఫోర్ వీల్ డ్రైవ్ ఉండదు. ముందు వంగి చూడండి. ముందు ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత డిఫరెన్షియల్ (ఇంజను బలాన్ని రెండు పక్కల చక్రాలకూ పంచేది), ఆ బలాన్ని దానికి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు ఉండాలి. గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న లివరు ఉండాలి, పాతవాటిలో రెండు కూడా ఉంటాయి. లివరు ఉండి షాఫ్టు లేని బండ్లూ నేను చూశాను. ఎప్పుడో విరిగితే తీసి పక్కన పడేసి ఉంటారు.

కాగితాలు ముందు, ఇంజను తర్వాత

ఇక్కడ తప్పు చేస్తే మిగతా పనంతా వృథా. ఆర్సీలో ఉన్న చాసిస్ (బండి అడుగున ఉండే ఇనప ఫ్రేము) నంబరు, చాసిస్ మీద చెక్కిన నంబరు ఒకటేనా అన్నది వైరు బ్రష్షుతో తుప్పు గీకి మీ కళ్లతో చూడండి. మా అమ్మాయి చేసిన మొదటి అసలు పని ఇదే. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసింది.

జీపుల్లో ఇంజను మార్చేయడం మామూలే. ఆ మార్పు ఆర్సీలో ఎక్కిందా లేదా చూడండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. 'ఏం కాదు సార్, అందరూ తిరుగుతున్నారు' అని అమ్మేవాళ్లు అంటారు. తిరగొచ్చు. ఏదైనా జరిగి ఇన్సూరెన్సు కోసం వెళ్లిన రోజు తెలుస్తుంది.

సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత ఆర్టీవో తనిఖీతో ఐదేసి సంవత్సరాలకు పొడిగిస్తారు. పొడిగింపు ఫీజు కార్లు, జీపులకు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. పేరు మార్పుకి 29, 30 ఫారాలు. బండి పక్క రాష్ట్రానిదైతే 28వ ఫారం మీద ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం. పాత ఫైనాన్సు ఉంటే అది తీరిందని 35వ ఫారం.

మిలిటరీ డిస్పోజల్ బండి చవగ్గా దొరికిందని సంబరపడకండి. దానికి సైన్యం ఇచ్చిన 21వ ఫారం అసలు కాపీ ఉంటేనే రిజిస్ట్రేషను గురించి ఆలోచించవచ్చు. అది లేని బండికి తుక్కు ధరే సరైన ధర.

చూడటానికి వెళ్లినప్పుడు

పిల్లల్ని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఒక నోటుబుక్కు, చిన్న సుత్తి ఇవ్వండి. చాసిస్ పొడవునా సుత్తితో మెల్లగా కొడుతూ పోతే మంచి ఇనుము గంటలా మోగుతుంది, తుప్పు తిన్నచోట దబ్ మంటుంది. ఈ తేడా పెద్దవాళ్ల కంటే పిల్లల చెవికి ముందు తెలుస్తుంది. కమాన్లు (ఇరుసుల మీద బరువు మోసే పట్టీల స్ప్రింగులు) చాసిస్‌కి తగిలే చోట్లు, బాడీ బోల్టుల చుట్టూ, ఫ్లోరు మ్యాటు కింద ముఖ్యంగా చూడాలి. చాసిస్‌కి అతుకు ఉంటే బేరం ఆపేయండి. రేకుకి చిల్లు ఉంటే మాత్రం భయపడక్కర్లేదు.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించండి. మీరు వచ్చేసరికి బోనెట్ వేడిగా ఉందంటే స్టార్టు అవ్వమని ఉదయం నుంచి ఇంజనును బతిమాలుతున్నారని అర్థం. తిరుగుతున్న ఇంజనుకి ఆయిల్ పోసే మూత తీసి చూడండి, పొగ బుసబుసా వస్తే పిస్టను రింగులు అరిగిపోయినట్టే. స్టీరింగు అటూ ఇటూ తిప్పుతూ మీరు కూర్చోండి, టైరు ఎప్పుడు కదులుతుందో పిల్లలు బయట నుంచి చెబుతారు. మట్టి నేల మీద 'ఫోర్ లో' (నాలుగు చక్రాలకూ బలం ఎక్కువ, వేగం తక్కువ ఇచ్చే గేరు) వేయించి నెమ్మదిగా నడిపిస్తే ముందు షాఫ్టు తిరగడం పక్కన దూరంగా నిలబడి చూడవచ్చు.

లెక్క

మేం అనుకున్నది 2,75,000. అయింది 3,16,000. నోటుబుక్కులో అమ్మాయి రాసిన లెక్క ఇది: బండి 1,45,000, కాగితాలు 18,000, బ్రేకులు స్టీరింగు 24,000, క్లచ్చు గేరుబాక్సు 21,000, ఐదు టైర్లు ట్యూబులు 30,000, టింకరింగు పెయింటు 38,000, వైరింగు బ్యాటరీ 14,000, తాళ్లు కొక్కేలు 6,000, పనిముట్లు 9,000, 'ఇంకా ఏవేవో' 11,000. ధరలు ఊరిని బట్టి మారతాయి. మారకూడనిది వరుస. ఆగడానికి, తిరగడానికి కావలసినవి కొన్నాకే కనిపించేవి కొనాలి. ఎల్‌ఈడీ బారు, ముందు ఇనప గార్డు మా జాబితాలోనే లేవు. ఆ గార్డుల్ని కేంద్రం 2017 డిసెంబరులోనే వద్దంది కూడా.

చోటు, పనిముట్లు, కొన్ని కచ్చితమైన మాటలు

సిమెంటు నేల, పైన నీడ ఉంటే చాలు. రింగు పానాల సెట్టు, సాకెట్ సెట్టు, మంచి జాకీ, నాలుగు యాక్సిల్ స్టాండ్లు, గ్రీజు గన్ను, కళ్లద్దాలు. స్టాండ్ల దగ్గర పొదుపు చేయకండి. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. స్టాండ్లు వేయకుండా పిల్లల చెయ్యి కూడా బండి కిందకి వెళ్లకూడదు.

పాత జీపుల్లో ఒక తిరకాసు ఉంది. చాలావాటికి హ్యాండ్ బ్రేకు చక్రాలకు ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకు బలం పంచే గేరు పెట్టె) వెనక షాఫ్టు మీద ఉంటుంది. వెనక ఒక చక్రం పైకి లేపారంటే డిఫరెన్షియల్ వల్ల గాల్లో ఉన్న చక్రం తిరుగుతుంది, కింద ఉన్నది దొర్లుతుంది. హ్యాండ్ బ్రేకు వేసే ఉంటుంది, బండి మాత్రం కదులుతుంది. కాబట్టి నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టడం మొదటి పని. మా ఇంట్లో 'రాళ్లు?' అని అమ్మాయి అడిగి, నేను 'పెట్టా' అన్నాకే జాకీ లేచేది.

పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకండి, తడిగుడ్డతో తుడిచి కవరులో కట్టి పారేయండి. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగెటివ్. వెల్డింగు జరిగేటప్పుడు పిల్లలు అక్కడ ఉండకూడదు, బ్యాటరీ వైర్లు విప్పేసి ఉండాలి.

విప్పడం

విప్పడం పిల్లలకు పండగ. బిగించడం మూడు నెలల తర్వాత పెద్దలకు పరీక్ష. మధ్యలో కాపాడేది ఫోటోలు, పాలిథిన్ కవర్లు, మార్కరు పెన్ను. ప్రతి నట్టు తీసే ముందు ఫోటో, తీసిన వెంటనే కవరు, కవరు మీద పేరు. ఈ శాఖ మొత్తం పిల్లలకు అప్పగించి మీరు తలదూర్చకండి. నేను దూర్చాను. ఒక బ్రేకు షూకి లైనింగు పొడుగు, రెండోదానికి పొట్టి ఉంటే తారుమారుగా బిగించి, 'నాకు తెలుసులే' అన్నాను. అమ్మాయి తన ఫోన్‌లో ఉన్న ఫోటో చూపించింది. మళ్లీ విప్పాం.

ఒకేసారి బండి మొత్తం విప్పకండి. ఒక భాగం విప్పి, బాగు చేసి, బిగించాకే ఇంకోటి. ఒకేసారి మొత్తం విప్పేసిన బండ్లు ఊరూరా కోళ్లగూళ్లయి ఉన్నాయి.

బ్రేకులు: ఇద్దరు మనుషులే కావలసిన పని

డ్రమ్ములు విప్పి, నాలుగు వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ కిట్లు, రబ్బరు గొట్టాలు కొత్తవి వేయండి. గీతలు పడ్డ డ్రమ్ముల్ని లేత్ షాపులో తిప్పించండి. బ్రేకు ఆయిలు డబ్బా మీద డాట్ 3 అని ఉండాలి. ఇంజను ఆయిలు చుక్క కలిసినా లోపల రబ్బర్లు ఉబ్బిపోతాయి. బ్రేకు ఆయిలు పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి.

తర్వాత బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయడం. పెడలు దగ్గర ఒకరు, చక్రం దగ్గర ఒకరు. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మన కుడి స్టీరింగు జీపులో వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. చక్రం వెనక గాలి వదిలే నిపిల్‌కి సన్న పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొస కొంచెం బ్రేకు ఆయిలు ఉన్న సీసాలో ముంచండి.

చక్రం దగ్గర కూర్చున్నది అమ్మాయి. పెడలు నాది. ఆజ్ఞలు ఆమెవి.

'తొక్కు.'

'తొక్కా.'

'అలాగే పట్టుకో, వదలొద్దు.' పానా పావు చుట్టు తిరిగేది. పెడలు నా కాలి కింద దిగిపోయేది. సీసాలో బుడగలు గడగడా వచ్చేవి. 'బిగించా. ఇప్పుడు వదులు.'

నిపిల్ బిగించకముందే పెడలు వదిలితే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. నేను రెండుసార్లు వదిలేశాను. మూడోసారి 'నాన్నా, నేను చెప్పాక' అని కొంచెం గట్టిగానే అంది. టార్చి రోజుల్లో మా నాన్న గొంతు అలాగే ఉండేది. మధ్యమధ్యలో పైన డబ్బాలో ఆయిలు అడుక్కి పోకుండా చూసుకోవాలి. నాలుగు చక్రాలకూ కలిపి మాకు రెండు గంటలు పట్టింది. చివరికి పెడలు రాయిలా గట్టిగా నిలబడాలి, స్పాంజిలా దిగితే ఇంకా గాలి ఉన్నట్టే. పనయ్యాక ఒకసారి మంచి మెకానిక్ చేత చూపించండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

స్టీరింగు, ముందు చక్రాలు

గుంటలో పడగానే స్టీరింగు గజగజ వణికి చేతుల్లో ఆగకపోవడం పాత జీపులకు పేరుపడ్డ జబ్బు. చాలామంది స్టీరింగు డ్యాంపర్ (వణుకును అణిచే చిన్న షాక్ అబ్జార్బరు) వేయించి సరిపెడతారు. అది జ్వరానికి తడిగుడ్డ లాంటిది. అసలు కారణం కింగ్ పిన్ (ముందు చక్రం అటూ ఇటూ తిరిగే ఇరుసు పిన్ను) బేరింగులు, టై రాడ్ ఎండ్లు (స్టీరింగు రాడ్ల కొసల్లోని కీళ్లు), చక్రాల బేరింగులు, వదులైన కమాను బుష్షులు. వీటిని ఒక్కొక్కటిగా చూడాలి. కింగ్ పిన్ షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) సరిచేయడం మేస్త్రి చేత చేయించి పక్కన నిలబడి చూడండి.

బేరింగుకి గ్రీజు పట్టించడం మాత్రం పిల్లల పనే. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని బేరింగు వెడల్పు వైపు అంచును దానిలోకి నొక్కుతూ లాగాలి. పైనుంచి గ్రీజు పురుగుల్లా బయటికొచ్చేదాకా నొక్కి, కొంచెం తిప్పి మళ్లీ. పైపైన పూస్తే లెక్కలోకి రాదు. మా ఆటోనగర్ మేస్త్రి ఆమె చేసిన బేరింగు వేలితో తిప్పి చూసి, 'పాపా, మా కుర్రాళ్ల కంటే నయం' అన్నాడు. ఆ వారమంతా ఇంట్లో అదే కబురు.

కమాన్లు, టైర్లు

కమాను కట్ట విప్పి, పట్టీల మధ్య తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజు రాసి, బుష్షులు, కమానును ఇరుసుకి బిగించే యూ బోల్టులు కొత్తవి వేయండి. పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు, సాగిపోయి ఉంటాయి. ఇది చేస్తేనే బండి మెత్తబడుతుంది. నాలుగంగుళాలు పైకి లేపాలన్న మోజు ఉంటే ఆపుకోండి. ఎత్తు పెరిగితే షాఫ్టు కోణం మారి దాని కొసల్లో కీళ్లలా ఉండే క్రాస్ బేరింగులు పోతాయి, మలుపులో బండి పడిపోయే గుణం పెరుగుతుంది, ఆర్టీవో దగ్గర చిక్కు సరేసరి.

టైర్లు కంపెనీ ఇచ్చిన 6.00-16 కొలతే చాలు. సన్నగా ఎత్తుగా ఉండే ఈ టైరు పల్చటి బురదను కోసుకుని కింద గట్టి నేలను పట్టుకుంటుంది. ఇసుకలో గాలి కొంత తగ్గించాలి. కానీ ఇవి ట్యూబు టైర్లు. మరీ తగ్గిస్తే రిమ్ము మీద టైరు జారి ట్యూబు వాల్వు తెగిపోతుంది. మేం 18 పీఎస్‌ఐ కంటే కిందకి పోలేదు. రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి, కాబట్టి పంపు బండిలోనే ఉండాలి.

ఇంజను, గేరుబాక్సు

ఇంజను బాగా నడుస్తుంటే విప్పకండి. ఆయిలు, ఫిల్టర్లు, బెల్టు, కూలెంటు గొట్టాలు మార్చండి. డీజిల్ ట్యాంకు దింపి కడగండి, అడుగున పదేళ్ల మడ్డి ఉంటుంది. రేడియేటర్ షాపులో గొట్టాలు పొడిపించి శుభ్రం చేయించండి. మన మే నెల ఎండల్లో ఫోర్ లోలో నెమ్మదిగా పోయే బండికి గాలి తగలదు, వేడెక్కడం ఖాయం.

క్లచ్చు, గేరుబాక్సు బయటి పని. బరువు మూలంగా ఇంట్లో వద్దు. ఒక్కటి మాత్రం మీరు చూసుకోండి. పాత జీపుల్లో గేరుబాక్సుకీ ట్రాన్స్‌ఫర్ కేసుకీ మధ్య సీలు పోతే ఆయిలు ఒకదానిలోంచి ఇంకోదానిలోకి జారుతుంది. ఒకటి ఎండిపోతుంది, ఇంకోటి పొంగుతుంది. ఆయిలు మట్టం చూసే లెవెల్ ప్లగ్గులు రెండూ విప్పి చూడాలి.

వైరింగు, బాడీ

మా బండిలో ఒక్క ఫ్యూజు లేదు. అన్ని వైర్లూ ఎర్రవే, టేపు చుట్టి అతికించినవే. పాతది బాగు చేయడం మానేసి మొత్తం పీకి కొత్తగా వేశాం. అమ్మాయి చార్టు మీద బొమ్మ గీసింది, ఎలక్ట్రీషియన్ దాన్ని గోడకి అంటించుకుని పని చేశాడు. హెడ్‌లైట్లకు రిలే (స్విచ్చు మీద ఎక్కువ కరెంటు పడకుండా చూసేది), ప్రతి లైనుకీ ఫ్యూజు తప్పనిసరి.

బాడీలో ఫ్లోరు రేకులు రెండు మార్చాం. పుట్టీ మందంగా మెత్తించొద్దు, మొదటి గతుకుల దారికే పెచ్చులూడుతుంది. సాండ్ పేపరు 120, 220, 400 వరుసలో రుద్దడం మా ఇద్దరి చేతుల్నీ నెలన్నర తినేసింది. స్ప్రే షాపులో కొట్టించాం. ప్రతి సీటుకీ బెల్టు, దాని బోల్టు రేకుకి కాకుండా కింద ప్లేటు వేసి బిగించాలి.

ఇరుక్కున్నప్పుడు

లాగే కొక్కెం చాసిస్‌కి 8.8 గ్రేడు బోల్టులతో ఉండాలి. బంపరుకి కట్టి లాగితే బంపరే వస్తుంది. వెడల్పాటి నైలాన్ పట్టీ, పట్టీని కొక్కేనికి తగిలించే రెండు డి షాకిళ్లు, పార, నాలుగు గోనె సంచులు, రెండు చెక్కలు. గొలుసు వద్దు. లాగేటప్పుడు పట్టీ పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరంలో అందరూ ఉండాలి. తెగిన పట్టీ మనిషిని చూసి తప్పుకోదు.

మొదటి ప్రయాణం

ఒంటరిగా పోవద్దు. ఇంకో బండి, లేకపోతే పిలిస్తే వచ్చే ట్రాక్టరు ఉండాలి. మేం మా ఊరి పుంత దారి ఎంచుకున్నాం. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా పోకూడదు, నది ఇసుకలో పైనుంచి నీళ్లు ఎప్పుడొదులుతారో మనకు తెలియదు. కష్టమైన చోటు వస్తే దిగి నడిచి చూశాకే బండి పోనివ్వాలి. ఫోర్ వీల్ డ్రైవ్ బురదలోకి దిగకముందే వేయాలి, ఇరుక్కున్నాక కాదు. తారు రోడ్డు మీద దాన్ని తీసేయాలి. లేకపోతే ముందు, వెనక ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడి షాఫ్టులు పోతాయి.

నల్లరేగడిలో వాన పడ్డ మర్నాడు వెళ్లడం నా తెలివితక్కువతనం. ఇరవై అడుగుల్లో టైర్ల గాడులన్నీ మట్టి నిండి గుండ్రంగా అయిపోయాయి. గోనె సంచులు పరిచి, పారతో తవ్వి గంటన్నరకు బయటపడ్డాం.

స్టీరింగు పిల్లలకు ఇవ్వడం గురించి. 18 నిండకుండా రోడ్డు మీద వద్దే వద్దు. 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షను ప్రకారం తల్లిదండ్రులకు 25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషను రద్దు. మేం మా బంధువుల ఖాళీ చేలో, కంచె లోపల, ఫోర్ లో ఒకటో గేరులో, నేను పక్కన కూర్చుని వంద గజాలు మాత్రం నడిపించాను. మనిషి నడక కంటే నెమ్మది. అయినా దిగాక ఆమె కాసేపు మాట్లాడలేదు.

ఇంటికొచ్చిన సాయంత్రమే బండి అడుగు కడగాలి, బురద బ్రేకు డ్రమ్ముల్లో ఎండనివ్వకూడదు. మొదటి వంద కిలోమీటర్లకు యూ బోల్టులు, చక్రాల నట్లు, స్టీరింగు బోల్టులు మళ్లీ బిగించాలి. మాకు యూ బోల్టులన్నీ అర చుట్టు తీసుకున్నాయి. ఆ రోజు నోటుబుక్కులో చివరి పేజీలో ఇలా ఉంది: 'వెనక డిఫరెన్షియల్ దగ్గర ఆయిలు చెమ్మ. వైపరు ఎడమది పనిచేయట్లేదు. జాకీ హ్యాండిలు నాన్న చేలో మర్చిపోయాడు.'